ఇంటి లౌడ్‌స్పీకరునందలి స్వరవైషమ్యము : దోషనిర్ణయము, పరిహారము

ధ్వనిని వినిపించు యంత్రమునకు ఉండవలసిన ప్రథమ గుణము యథార్థవాదిత్వము. తనకు అప్పగింపబడిన ధ్వనిని ఎచ్చుతగ్గులు లేకుండ, ఉన్నది ఉన్నట్లుగా శ్రోత చెవికి చేర్చుటయే దాని ధర్మము. మంద్రస్థాయియందలి మృదంగనాదమునకు మూలమునందు ఎంత బలము కలదో, తారస్థాయియందలి తాళధ్వనికి ఎంత బలము కలదో, అంత బలమునే అది వెలువరింపవలెను. కాని ఇండ్లలో వాడుకయందున్న లౌడ్‌స్పీకర్లు పెక్కింటి విషయమున ఇట్లు జరుగదు. కొన్ని స్వరములు అకారణముగా ముందునకు దూకును. కొన్ని తెఱచాటున నిలిచినట్లు వినవచ్చును. గాయకుడు ఒకే బలముతో పాడిన స్వరములు మిట్టపల్లములుగా వినబడును. ఈ లోపమునే విషమ పౌనఃపున్య ప్రతిస్పందన యందురు. దాని స్వరూపమును, కారణములను, గృహస్థుడు స్వయముగా చేసికొనదగిన పరీక్షలను, పరిహారములను వివరించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఇది సంగీతప్రియుల విలాసమునకు మాత్రమే సంబంధించిన విషయముగా తోపవచ్చును. కాని తెలుగునాటికి వెలుపల తరతరములుగా స్థిరపడిన కుటుంబములకు ఇందు మఱియొక ప్రయోజనము కలదు. హోసూరు మొదలు బరంపురము, షోలాపురముల వరకు అట్టి కుటుంబములలోని బాలబాలికలు పెక్కుమందికి అంగడిలో వినవచ్చు భాష వేఱు, కార్యాలయమున వినవచ్చు భాష వేఱు. ఇంటి పెద్దల మాటయు, బడిలోని ఉపాధ్యాయుని మాటయు గాక వారి చెవిని పడు తెలుగు చాలవఱకు యంత్రముఖముననే వచ్చుచున్నది. 1938లో మదరాసునందును, 1948లో విజయవాడయందును ఆలిండియా రేడియో కేంద్రములు నెలకొన్న కాలమునుండి నేటి టెలివిజను, సెల్‌ఫోనుల వఱకు సాధనములు మాఱినవి గాని, చివర నుండునది మాత్రము లౌడ్‌స్పీకరే. ఆ యంత్రము అక్షరములను మ్రింగివేసినచో బాలుడు విన్న తెలుగే కొఱవడిన తెలుగగును. వాడు "సకలము" అని విన్నాడో, "శకలము" అని విన్నాడో వానికే తెలియదు. ఒకటి సమస్తము, రెండవది ముక్క. ఉచ్చారణ దోషమునకై బాలుని మందలించుటకు ముందు, వాడు వినుచున్న పెట్టెను పరీక్షించుట న్యాయము.

ప్రతిస్పందన యన నేమి?

ధ్వని వాయుకంపనము. ఒక సెకనులో ఎన్ని కంపనములు కలుగునో ఆ సంఖ్యకు పౌనఃపున్యమని పేరు. దాని కొలమానము హెర్ట్జ్. ఆరోగ్యవంతుడైన యువకుని చెవి ఇంచుమించు 20 హెర్ట్జ్ మొదలు 20,000 హెర్ట్జ్ వఱకు గల ధ్వనులను గ్రహించును. వయస్సు పెరిగినకొలది పై మేర క్రమముగా తగ్గును. పురుషకంఠముయొక్క మూలస్వరము మాటలాడునపుడు సాధారణముగా 100 మొదలు 150 హెర్ట్జ్ ప్రాంతమునను, స్త్రీకంఠముది 200 హెర్ట్జ్ ప్రాంతమునను ఉండును.

అయితే అక్షరములను వేఱుపఱచునది మూలస్వరము కాదు. దానిపై నిలుచు ఉపస్వరముల అమరిక. అచ్చులలో "ఇ", "ఉ" అను రెండింటికిని దిగువనున్న ప్రధానబలము ఇంచుమించు ఒకచోటనే యుండును. వానిని విడదీయునది 2,000 హెర్ట్జ్ ప్రాంతమున "ఇ"కారమునకు గల రెండవ బలము. ఆ మేర లోపించినచో "ఇ"కారము "ఉ"కారమునకు దగ్గఱగా వినబడును. హల్లులలో "స"కారముయొక్క బలము ముఖ్యముగా 4,000 హెర్ట్జ్‌కు పైన నుండగా, "శ", "ష"ల బలము అంతకు దిగువనుండియే ప్రారంభమగును. పాత టెలిఫోను 300 మొదలు 3,400 హెర్ట్జ్ వఱకు మాత్రమే పంపుటచేతనే అందు ఊరిపేర్లను, ఇంటిపేర్లను అక్షరము అక్షరముగా విడదీసి చెప్పవలసి వచ్చెడిది.

ధ్వని బలమునకు కొలమానము డెసిబెల్. 3 డెసిబెల్లు పెరుగుటయనగా శక్తి రెండింతలగుట. 10 డెసిబెల్లు పెరుగుటయనగా శక్తి పదింతలగుట. ఆ పదింతలు చెవికి మాత్రము ఇంచుమించు రెండింతల బిగ్గరగా తోచును. అన్ని పౌనఃపున్యములందును ఒకే విద్యుచ్ఛక్తి నిచ్చి, వెలువడిన ధ్వనిబలమును గుర్తించి గీచిన రేఖయే ప్రతిస్పందన రేఖ. ఆదర్శమున అది సరళరేఖ కావలెను. వాస్తవమున అట్టిది లేదు. పనికివచ్చు మేరలో 3 డెసిబెల్ల ఎచ్చు, 3 డెసిబెల్ల తగ్గు లోపల రేఖ నిలిచినచో దానిని మంచి స్పీకరుగా ఎన్నుట పరిపాటి. ఇందొక విశేషము గమనింపదగినది. సన్నని లోయ ఎంత లోతైనను చెవి అంతగా గుర్తింపదు. వెడల్పైన మిట్ట కొద్దిపాటిదైనను చెవికి ఇట్టే తగులును. కావున రేఖలోని ప్రతి ముడుతకును కలవరపడవలసిన పనిలేదు.

పెట్టె లోపలి నిర్మాణము

నేటికిని వాడుకలోనున్న లౌడ్‌స్పీకరు రూపమును అమెరికాలో రైస్, కెలాగ్ అను ఇరువురు ఇంజనీర్లు 1925లో ప్రకటించిరి. అయస్కాంతపు సందులో ఒక సన్నని తీగచుట్ట వ్రేలాడుచుండును. ఆంప్లిఫయరు నుండి వచ్చు విద్యుత్తు ఆ చుట్టలో ప్రవహింపగా చుట్ట ముందునకు వెనుకకు కదలును. దానికి అంటియున్న కాగితపు శంకువు గాలిని కదల్చును. శంకువు వెలుపలి అంచును రబ్బరు, గుడ్డ, లేక నురుగుపట్టీ ఒకటి చట్రమునకు కలిపి ఉంచును.

ఒకే శంకువు అన్ని స్వరములను సమముగా పలికింపజాలదు. మంద్రస్వరములకు విశాలమైన శంకువు కావలెను; తారస్వరములకు తేలికైన చిన్న గుమ్మటము కావలెను. కావున ఇంటి పెట్టెలలో సాధారణముగా వూఫరు, ట్వీటరు అని రెండు భాగము లుండును. ఏ స్వరములు ఎటు పోవలెనో పంచి యిచ్చు కెపాసిటరు, తీగచుట్టల కూర్పునకు క్రాసోవరని పేరు. ఈ పంపకము సామాన్యముగా 2,000 మొదలు 3,000 హెర్ట్జ్ ప్రాంతమున జరుగును. అక్షరస్పష్టతకు ఆయువుపట్టైన తావున ఈ అతుకు పడుటచేత, అతుకులోని దోషము అక్షరములకే తగులును.

దోషస్థానములు నాలుగు

వైషమ్యము వినబడినంతనే పెట్టెను నిందించుట సామాన్యముగా జరుగు పొరపాటు. దోషము నాలుగు తావులలో నుండవచ్చును: మూలమునందు, అనగా రికార్డునందో దానిని వినిపించు సాధనమునందో, ఆంప్లిఫయరునందును తీగలయందును, గదియందు, చివరకు పెట్టెయందు. వైద్యుడు నాడి చూడకముందే మందు ఈయనట్లు, ఈ నాలుగింటిలో ఏది దోషియో తేల్చుకొనకముందు ధనము వెచ్చింపరాదు. మంచి పెట్టెను పాతసామానులవానికి అమ్మి, క్రొత్తదానిని తెచ్చి అదే మూల నుంచి, అదే మోతను విన్నచో నష్టపోయినది ధనము మాత్రమే కాదు. మంచి పెట్టె కూడ.

విషయము స్పష్టమగుటకు ఒక ఉదాహరణము కల్పించుకొందము. ఒక ఇంటి హాలు 4.6 మీటర్ల పొడవు, 3.45 మీటర్ల వెడల్పు గలది. నేల పలకరాయి, గోడలు సున్నపు గోడలు. ఒక వెడల్పు గోడకు ఆనించి రెండు స్పీకరు పెట్టెలను గూటిలో నుంచినారు. ఎదుటి గోడకు ఆనియున్న కుర్చీలో తాతగారు కూర్చుండి హరికథ వినుచున్నారు. ఆ రెండు గోడల నడిమి దూరము 3.45 మీటర్లు. కథకుని గొంతు బానలోనుండి వచ్చినట్లు గుమగుమలాడుచున్నది. పైగా కుడిప్రక్క పెట్టె మబ్బుపట్టినట్లు మందముగా నున్నది. ఇంటివా రందఱును పెట్టెలు పాతబడినవని నిశ్చయించిరి. ఇందు దోషము ఒకటి కాదు, రెండు. రెండింటికిని కారణములు వేఱు. వానిని విడదీయుట ఎట్లో చూతము.

మొదటి పరీక్ష: ఇటు దటు మార్చుట

ముందుగా ఆంప్లిఫయరుపైనను, టెలివిజనులోనను గల మంద్ర, తార నియంత్రణములను మధ్యస్థానమున ఉంచవలెను. మంద్రమును పెంచు మీటలు, "సినిమా", "సంగీతము" అను పేళ్ళతో ధ్వనిని మార్చు ఏర్పాట్లు అన్నియు ఆపవలెను. పలుమార్లు రోగము ఇచ్చటనే దొరకును.

తరువాత రెండు మూడు వేఱువేఱు రికార్డులు వినవలెను. వైషమ్యము ఒక్క రికార్డునందే యున్నచో దోషము ఆ రికార్డుది. పరీక్షకు ఒంటి కంఠము, తంబురా, మృదంగము మేలైన సాధనములు. తంబురా తీగయొక్క ఉపస్వరములు పెక్కుస్థాయిలకు వ్యాపించియుండును గనుక ఏ మేరలోనైన కొఱత యున్నచో దాని నాదము పలుచబడి తెలిసిపోవును. భారతీయ తంత్రీవాద్యములయొక్కయు మృదంగముయొక్కయు ఉపస్వరములను గూర్చి చంద్రశేఖర వేంకటరామన్ 1920 దశకపు తొలినాళ్ళలోనే పరిశోధించి ప్రకటించినాడు.

పిమ్మట ముఖ్యపరీక్ష. విద్యుత్తు ఆపి, కుడి ఎడమ పెట్టెలను ఒకదాని స్థానమున మఱియొకటి ఉంచవలెను. తీగలు మాత్రము ఎక్కడివి అక్కడనే యుండవలెను. మందత్వము పెట్టెతోపాటు ఎడమప్రక్కకు పోయినచో దోషము ఆ పెట్టెది. కుడిప్రక్కనే నిలిచినచో దోషము ఆంప్లిఫయరుది, తీగది, లేక గదిలో ఆ మూలది. అప్పుడు పెట్టెలను అట్లేయుంచి ఆంప్లిఫయరు కడ తీగలను మాత్రము తారుమారు చేయవలెను. దోషము అప్పుడును కదలనిచో గదియో తీగయో కారణము; కదలినచో ఆంప్లిఫయరో, దానికి వెనుకనున్న సాధనమో కారణము. పైసా ఖర్చులేని ఈ పరీక్షచే సగము సంశయములు తీరును. మన ఉదాహరణమున మందత్వము పెట్టెతో కదలినది. గుమగుమ మాత్రము కదలలేదు. కావున మందత్వము పెట్టెది, గుమగుమ గదిది అని ఊహింపవచ్చును.

పోల్చునపుడు ధ్వనిబలము మాఱకుండ చూడవలెను. తక్కువ బలమున చెవి మంద్రస్వరములను మఱింత తక్కువగా గ్రహించునని ఫ్లెచర్, మన్సన్ అను వారు 1933లో నిరూపించిరి. మెల్లగా వినినపుడు పలుచగా తోచిన పెట్టె, బిగ్గరగా వినినపుడు నిండుగా తోచుట ఇందువలననే. అట్లే తాతగారు ఒక్కరే విని తీర్పు చెప్పరాదు. మనుమరాలు కూడ వినవలెను. ఆమెకు స్పష్టముగా వినబడు "స"కారము ఆయనకు వినబడనిచో చూపించుకొనవలసినది చెవివైద్యునికి గాని, రేడియో మెకానిక్కుకు కాదు.

గదియొక్క పాత్ర

200, 300 హెర్ట్జ్‌కు దిగువనున్న స్వరముల విషయమున, ఇంటిలో వినబడునది పెట్టెయొక్క గొంతు కంటె గదియొక్క గొంతు అనవచ్చును. ఎదురెదురు గోడల నడుమ ధ్వనితరంగము పరావర్తనము పొంది స్థిరతరంగముగా ఏర్పడును. గోడల నడిమి దూరము తరంగదైర్ఘ్యమున సగమైనపుడు మొదటి అనునాదము కలుగును. వాయువులో ధ్వనివేగము సెకనుకు 345 మీటర్లని గ్రహించి, దానిని దూరమునకు రెండింతలచే భాగించినచో ఆ పౌనఃపున్యము వచ్చును. మన హాలులో 345ను 6.9చే భాగింపగా 50 హెర్ట్జ్. దానికి రెండింతలు 100 హెర్ట్జ్. ఈ రెండవది పురుషకంఠపు మూలస్వరమున్న తావే.

స్థిరతరంగమున ధ్వనిపీడనము గోడలకడ అత్యధికము. మన ఉదాహరణమున పెట్టెలు ఒక గోడకడ, తాతగారి కుర్చీ ఎదుటి గోడకడ. పుట్టుచోటు, వినుచోటు రెండును అత్యధిక స్థానములే. హరికథకుని గొంతు బానలో మ్రోగినట్లుండుటకు ఇదియే కారణము. రెండవ అనునాదపు పీడనము గోడనుండి గది వెడల్పులో నాలుగవ వంతు, అనగా 86 సెంటీమీటర్ల దూరమున శూన్యమగును. కుర్చీని 60 సెంటీమీటర్లు ముందునకు జరిపినంతనే ఆ పీడనము గోడకడ నున్నదానిలో సగముకంటె తక్కువ అగును. అట్లని సరిగా గది నడుమ కూర్చుండుటయు మంచిది కాదు. అచ్చట 50 హెర్ట్జ్ అనునాదము శూన్యమై మంద్రము పలుచబడును. గోడను విడిచి, నడుమను విడిచి, ఈ రెంటి మధ్య నుండు తావును చెవితో వెదకికొనుట ఉత్తమము.

రెండవ కారణము పెట్టె వెనుక గోడ. పెట్టెనుండి వెనుకకు పోయిన మంద్రధ్వని గోడను తాకి తిరిగి వచ్చి ముందు ధ్వనితో కలియును. పెట్టె ముఖమునుండి గోడకు గల దూరము తరంగదైర్ఘ్యమున నాలుగవ వంతైనపుడు ఈ రెండును ఒకదాని నొకటి హరించును. ముఖము గోడకు 86 సెంటీమీటర్ల దూరమున నున్నచో 100 హెర్ట్జ్ వద్దను, 57 సెంటీమీటర్ల దూరమున నున్నచో ఇంచుమించు 150 హెర్ట్జ్ వద్దను లోయ ఏర్పడును. కావున పెట్టెకు వెనుకగోడ దూరము, ప్రక్కగోడ దూరము, నేల దూరము మూడును సమానముగా లేకుండ చూచినచో లోయలు ఒకేచోట పడక చెదరును. పెట్టెను మూలకు నెట్టుట, లోతైన గూటిలో దూర్చుట మంద్రమును ఉబ్బించును.

సున్నపు గోడలు, పలకరాతి నేలలు తారధ్వనులను కూడ తిప్పికొట్టి చప్పట్ల మోతను కలిగించును. ఇందుకు బొంతలు, తివాచీలు, మందపు తెరలు ఉపకరించును. కాని వీనివలన మంద్రము తగ్గునని ఆశింపరాదు. శోషణము జరుగవలెనన్న పొర మందము తరంగదైర్ఘ్యముతో పోల్చదగినదై యుండవలెను. 100 హెర్ట్జ్ తరంగము పొడవు 3.45 మీటర్లు, బొంత మందము రెండు మూడు సెంటీమీటర్లు. అట్టి గదిలో గోడలనిండ పలుచని గుడ్డలు వ్రేలాడదీసినచో తారము చచ్చి, మంద్రపు మోత మిగిలి, స్థితి మునుపటికంటె విషమించును.

మేడపై పరీక్ష

దోషము గదిదా, పెట్టెదా అను సంశయము తీరనిచో పెట్టెలను మేడపైకి కొనిపోవుట సులభోపాయము. పిట్టగోడలకు దూరముగా, ఎత్తైన బల్లపై పెట్టెను నిలిపి, ముందు నేలపై మడచిన పరుపు పఱచి, ఒక మీటరు దూరమున ట్వీటరు ఎత్తున చెవి నుంచి వినవలెను. గోడలు, కప్పు లేవు గనుక స్థిరతరంగములు లేవు. గుమగుమ అచ్చట మాయమైనచో దోషము గదిదని స్థిరపడును. మందత్వము అచ్చటను నిలిచియున్నచో అది పెట్టెదే. ఆరుబయట మంద్రము కొంత పలుచగా తోచుట సహజము; గోడల ఊత తొలగినందున కలిగినది అది, దోషము కాదు.

పెట్టెలోని దోషములు

దోషము పెట్టెదని తేలినపిమ్మట ఈ క్రమమున పరీక్షింపవలెను. తనలోనే ఆంప్లిఫయరు గల పెట్టెలలో ఇంటి విద్యుత్తు ప్రవహించుచుండును. అట్టివానిని తెఱచు పని తెలిసిన మెకానిక్కునకే విడువవలెను.

మొదటిది తీగల ధ్రువత. ఒక పెట్టెకు ధన, ఋణ తీగలు తారుమారైనచో ఒక శంకువు ముందునకు పోవునపుడు రెండవది వెనుకకు పోవును, మంద్రము హరించుకొనిపోవును, ఒంటికంఠము నడుమనుండి రాక తల చుట్టును తేలినట్లుండును. 1.5 వోల్టుల బ్యాటరీని, ఆంప్లిఫయరు తీగలు విప్పిన పెట్టెయొక్క కొనలకు ఒక్క క్షణము తాకించినచో వూఫరు శంకువు కదలును. రెండు పెట్టెల శంకువులును ఒకే దిక్కునకు కదలవలెను. యానాము, గంజాము వంటి తీరప్రాంతములలో ఉప్పుగాలికి తీగకొనలు చిలుము పట్టును. వానిని గీకి శుభ్రపఱచుటయే ఒక్కొక్కప్పుడు పూర్తి చికిత్స యగును.

రెండవది శంకువు అంచు. నురుగుపట్టీ అంచులు మన ఉక్కపోతకు కొన్ని సంవత్సరములలో పొడియై రాలును. వ్రేలు తాకించినంతనే తెలియును. అట్టిదానికి క్రొత్త అంచు అతికించు పనివారు పట్టణములలో కలరు. శంకువును రెండు చేతి వ్రేళ్ళతో సమముగా, మెల్లగా నొక్కినపుడు గీరుకొను చప్పుడు వచ్చినచో లోపలి తీగచుట్ట ఒరయుచున్నదని గ్రహింపవలెను.

మూడవది గాలి తప్పుట. మూతబడిన పెట్టెలో శంకువును నొక్కి విడిచినచో అది కొంత జాగుగా తిరిగిరావలెను. వెంటనే వచ్చినచో ఎక్కడనో సందు కలదు. మంద్రస్వరము నొకదానిని వినిపించుచు అతుకులవెంట ఊదువత్తి పొగను జరిపినచో సందుకడ పొగ చెదరి రహస్యము బయటపడును. గుడ్డకు, శంకువునకు నిప్పు తగులకుండ జాగ్రత్త వహింపవలెను.

నాలుగవది ట్వీటరు, క్రాసోవరు. 8 ఓములని వ్రాసియున్న వూఫరు, ట్వీటరులు మీటరుపై సాధారణముగా 5.5 మొదలు 7 ఓముల వఱకు చూపును. ఇది దోషము కాదు. వ్రాసిన సంఖ్య ప్రవాహము మాఱుచుండు విద్యుత్తునకు సంబంధించినది. పెట్టె వెనుకనున్న కొనలకడ మీటరును తాకించినచో తెలియునది వూఫరు సంగతి మాత్రమే. ట్వీటరు దారిలో కెపాసిటరు అడ్డుగా నుండును. కావున ట్వీటరు తీగ నొకదానిని విప్పి, దానిని ప్రత్యేకముగా కొలువవలెను. అనంతమైన నిరోధము చూపినచో చుట్ట తెగినది. చిన్న ఆంప్లిఫయరును శక్తికి మించి మ్రోగించుటవలన ట్వీటర్లు కాలిపోవుట తఱచు.

మన ఉదాహరణమున ట్వీటరు 5.6 ఓములు చూపి ఆరోగ్యముగా నున్నది. మిగిలినది కెపాసిటరు. పాత పెట్టెలలోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు కాలక్రమమున లోపల ఎండిపోవును. 8 ఓముల ట్వీటరును 3,000 హెర్ట్జ్ నుండి పలికింపవలెనన్న ఒంటి కెపాసిటరు విలువ 6.6 మైక్రోఫారడ్లు. అది ఎండి సగమైనచో అతుకు 6,000 హెర్ట్జ్‌కు జరుగును. 3,000 హెర్ట్జ్ వద్ద ట్వీటరుబలము ఇంచుమించు 4 డెసిబెల్లు తగ్గును. వూఫరు ఆ మేరను పూరింపజాలదు. "శకలము", "సకలము" కలసిపోవుటకు ఇట్టి లోయ చాలును. అదే విలువ గల, ధ్రువభేదము లేని ఫిల్ము కెపాసిటరును వేయుటయే చికిత్స. ఒక పెట్టెకు మాత్రమే గాక రెండింటికిని ఒకేసారి మార్చినచో జత సమముగా నుండును.

ఇచ్చట ఒక హెచ్చరిక. కొన్ని పెట్టెలలో ట్వీటరు వూఫరునకు విలోమధ్రువతతో కలుపబడియుండుట చూచి దానిని పొరపాటని సరిదిద్దరాదు. క్రాసోవరు రీతినిబట్టి నిర్మాతయే అట్లు కలిపియుండును. సరిదిద్దినచో అతుకుకడనే క్రొత్త లోయ ఏర్పడును. విప్పుటకు ముందు తీగల రంగులను కాగితముపై గుర్తించుకొనుట, చెడని పెట్టెతో పోల్చుకొనుట క్షేమకరము.

కొలత

చెవి చెప్పినదానిని కొలతచే ధ్రువపఱచుకొనుట మంచిది. 20 మొదలు 20,000 హెర్ట్జ్ వఱకు క్రమముగా ఎక్కు స్వరమును వినిపించి, మైక్రోఫోనుతో గ్రహించి, రేఖ గీయు సాధనములు నేడు కంప్యూటరులోను, సెల్‌ఫోనులోను ఉచితముగా లభించును. సెల్‌ఫోను మైక్రోఫోను మాటలకొఱకు చేయబడినది గనుక అది చూపు మంద్రమును నమ్మరాదు. అయినను దానికొక ప్రయోజనము కలదు. రెండు పెట్టెలను ఒకేచోట, ఒకే దూరమున, ఒకటి తరువాత ఒకటిగా కొలిచినచో మైక్రోఫోను దోషము రెండు రేఖలందును సమముగానే పడును. రేఖల నడిమి భేదము మాత్రము పెట్టెలదే. వూఫరుయొక్క మంద్రమును మాత్రమే పరిశీలింపదలచినచో మైక్రోఫోనును శంకువునకు ఒక సెంటీమీటరు దూరమున ఉంచి మెల్లగా వినిపింపవలెను. అంత దగ్గఱ గది ప్రభావము లెక్కకు రాదు.

ఈక్వలైజరును గూర్చి

మిట్టలను తగ్గించుటకు ఈక్వలైజరు ఉపయోగపడును; లోయలను పూడ్చుటకు సాధారణముగా ఉపయోగపడదు. గోడనుండి తిరిగివచ్చిన ధ్వనిచే ఏర్పడిన లోయలో బలమును పెంచినచో తిరిగివచ్చు ధ్వనియు అంతే పెరిగి మఱల హరించును. పైగా 6 డెసిబెల్లు పెంచుటకు ఆంప్లిఫయరు నాలుగింతల శక్తి నీయవలెను. ఆ భారమునకు స్పీకరు కాలుటయే ఫలము. కావున స్థానము మార్చుట మొదటిది, మరమ్మతు రెండవది, ఈక్వలైజరు చివరిది. అదియు మిట్టను మూడు నాలుగు డెసిబెల్లు దించుటకే.

ఉపసంహారము

పై ఉదాహరణమున పెట్టెలు గూటినుండి వెలుపలికి వచ్చినవి. కుర్చీ రెండడుగులు ముందునకు జరిగినది. రెండు చిన్న కెపాసిటర్లు మాఱినవి. క్రొత్త పెట్టెల అవసరము కలుగలేదు. దోషనిర్ణయమున పాటింపవలసిన సూత్రము ఒక్కటే: ఒక మారు ఒక్క మార్పు మాత్రమే చేసి, దోషము కదలినదో లేదో చూచి, పిమ్మట రెండవ మార్పునకు పూనుకొనవలెను. రెండు మార్పులు ఒకేసారి చేసినవానికి ఫలము దక్కినను జ్ఞానము దక్కదు.

బడులలోను ఇదే పద్ధతి వర్తించును. తరగతిగదియు రాతినేల గల గదియే. గోడనంటి కట్టిన పెట్టెయు ఆ మూలననే మ్రోగును. సంవత్సరమునకు ఒకసారి ఉపాధ్యాయుడు చివరి బల్లకడ నిలిచి "శమము, సమము, శకలము, సకలము" అను జంటలను వినిపింపజేసి, పిల్లలచే వ్రాయించి చూచినచో స్పీకరు పరీక్షయు, చెవి పరీక్షయు, అక్షర పరీక్షయు ఒక్కమారే జరుగును. ముందు బల్లలవారు సరిగా వ్రాసి చివరి బల్లలవారు తప్పినచో తప్పు పిల్లలది కాదు, గదిది. అందఱును ఒకే అక్షరమున తప్పినచో పెట్టెను తెఱచి చూడవలెను. ఏ ఒక్కరో రెండుచోట్లను తప్పినచో ఆ బిడ్డను చెవివైద్యునికి చూపవలెను. దూరదేశమున తెలుగు నిలుపుకొనువారికి వినబడు భాష ముక్కలుగా గాక సకలముగా చేరుటకు ఈ చిన్న శ్రమ ఎంతయు తగినది.